రెండో కంచం

కొంగలగట్టు బడికి రెండు గదులు, ఒక వరండా, ఒక బోరింగు పంపు. కొల్లేట్లో అక్రమంగా తవ్వారని చేపల చెరువుల గట్లు పేల్చేసిన మరుసటి ఏడాది గవర్నమెంటువారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఊళ్ళో ఒక బడీ, ఊరవతల పేటలో ఇంకో బడీ దేనికి, పిల్లలు చూస్తే గుప్పెడుమంది, రెండూ కలిపేయమన్నారు. కాగితం మీద కలపడానికేం, ఒక్క సంతకం చాలు. పేట బడికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని సువార్తమ్మ టీచరు ఊరి బడికి నడిచి వచ్చింది.

సువార్తమ్మకి యాభై దాటాయి. కాపురం ఏలూరులో. రోజూ బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, గంట కొట్టకముందే బడిలో ఉండేది. ఆవిడ పుట్టింది కూడా చింతలపూడి వైపు ఇలాంటి పేటలోనే. మిషన్ హాస్టల్లో చదువుకుని టీచరయింది. మాట మెత్తన, పట్టు గట్టి. హెడ్మాస్టరు అచ్యుతరావు గారికి మాటా మెత్తనే, పట్టూ మెత్తనే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, తను క్షేమంగా రిటైరయిపోవాలి. ఆయన కోరికల్లా అంతే.

గదిలో పిల్లలు కలిసే కూర్చున్నారు. విడివిడిగా కూర్చోవడానికి అక్కడ చోటేదీ? కలిసి ఎక్కాలు చదివారు, కలిసి కొట్టుకున్నారు, కలిసే మళ్ళీ మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే మాత్రం వేరైపోయేవారు. ఊరి పిల్లలు తమ కంచాలతో వరండా ఎక్కేవారు. పేట పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న కంచాలు పట్టుకుని నిద్రగన్నేరు చెట్టు కింద కూర్చునేవారు. వంట చేసే రాజ్యం ముందు వరండాలో వడ్డించి, తర్వాత గిన్నె పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చేది. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా జరిగే పనికి ఎవర్ని నిలదీస్తాం?

సువార్తమ్మ మూడో తరగతి గ్రేసుని అడిగి చూసింది. గ్రేసుకి ఎనిమిదేళ్ళు. తల్లి రొయ్యల కంపెనీలో పనికి పోతుంది, అమ్మమ్మే పెంచుతోంది.

"వరండాలో కూర్చోవేమ్మా?"

"అరుగులెక్కొద్దని మా అమ్మమ్మ చెప్పిందండి."

"ఎందుకనీ?"

"ఏమోనండి. ఎక్కొద్దంది, అంతేనండి."

పేట పిల్లలందరిదీ ఇదే వరస. ఏ అరుగు ఎక్కకూడదో, ఎవరి బిందె ముట్టకూడదో తెలుసు. ఎందుకో తెలీదు. ఆ ఎందుకన్నది చెప్పడానికి సువార్తమ్మకి నోరు రాలేదు. ఆవిడకి ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడు. మనం ముట్టుకుంటే వాళ్ళకి అంటు అవుతుందమ్మా అన్నాడు. కూతురు ఎవరిచేతా దెబ్బలు తినకూడదని చెప్పాడు పాపం. అది విన్నాక ఆ పిల్ల చాలా రోజులు తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది, ఏం అంటుకుని ఉందా అని. ఆ మాట తన నోటి నుంచి ఏ పిల్లా వినకూడదని సువార్తమ్మ టీచరయిననాడే ఒట్టు పెట్టుకుంది. మంచి మనసుతో పెట్టుకున్న ఒట్టే. మంచి మనసుతో చేసిన పొరపాట్లే తొందరగా దొరకవు.

అందుకని ఆవిడ పిల్లలకి అమెరికా కథ చెప్పింది. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒక దొరసాని, పత్రికలోంచి కత్తిరించిన ఫోటో చూపించి చెప్పిన నిజం కథ అది.

"అమెరికాలో ఒక పెద్ద ఊళ్ళో తెల్లపిల్లలకి ఒక బడి, నల్లపిల్లలకి ఇంకో బడి ఉండేవర్రా. అందరూ కలిసి చదువుకోవాలని కోర్టు చెప్పింది. అప్పుడొక ఆరేళ్ళ నల్లపిల్ల, తలకి రిబ్బను కట్టుకుని, పుస్తకాల సంచి పట్టుకుని తెల్లపిల్లల బడికి వెళ్ళింది. గేటు దగ్గర పెద్దవాళ్ళు గుంపుగా నిలబడి కేకలేశారు, తిట్టారు. ఆ పిల్లకి ముందు పోలీసులు, వెనక పోలీసులు. మధ్యలో ఇంత పిల్ల."

"ఏడ్చిందాండి?" అంది గ్రేసు.

"ఏడవలేదు. చక్కా మెట్లెక్కి లోపలికెళ్ళి కూర్చుంది."

"మరి తెల్లపిల్లలండి?"

"వాళ్ళ అమ్మానాన్నలు వాళ్ళని తీసుకుపోయారు. ఏడాదంతా ఆ తరగతిలో ఆ పిల్లొక్కతే, టీచరొక్కతే."

పిల్లల మొహాలు చిన్నబోయాయి. సువార్తమ్మ ఆ మొహాలు చూడలేక గబగబా కథ ఒడ్డుకి చేర్చింది. "తర్వాతేడు తెల్లపిల్లలు తిరిగొచ్చేశార్రా. అంతా కలిసే చదువుకున్నారు."

"అసలెందుకండీ కేకలేశారు?" ముందు వరసలోంచి శ్రీవల్లి అడిగింది. ఊళ్ళో వెంకటనరసమ్మ గారి మనవరాలు శ్రీవల్లి, వసపిట్ట. నోరు మూసుకుని కూర్చోమంటే అదేదో శిక్షలా చూసేది.

"ఆ పిల్ల రంగు నలుపని."

శ్రీవల్లి తన చెయ్యి గ్రేసు చేతి పక్కన పెట్టి చూసింది. ఇద్దరూ పొద్దస్తమానం చెరువుగట్ల మీద ఎండలో తిరిగే పిల్లలే. రెండు చేతులూ ఒకటే రంగు. హమ్మయ్య, మన ఊళ్ళో అలాంటిదేం లేదనుకుని ఇద్దరూ తేలిగ్గా నవ్వేశారు. సువార్తమ్మ అది చూసింది. చూసి ఊరుకుంది.

ఆవేళ అన్నం బెల్లు కొట్టాక శ్రీవల్లి వరండా దిగి చెట్టు దగ్గరికి వచ్చింది. "నువ్వు ఆ పిల్లవంట, నేను పోలీసునంట. రా" అని గ్రేసు ముందు నడిచింది. ఇంకో పిల్ల వెనక పోలీసయింది. గ్రేసు కంచం రెండు చేతులా పట్టుకుని, ఎటూ చూడకుండా, అమెరికా పిల్లలాగే మెట్లెక్కింది. అది చూసి ఊరి పిల్లలు మేమూ పోలీసులమంటే మేమూ పోలీసులమని దిగారు. పేట పిల్లలందరికీ పోలీసులు దొరికారు. అందరూ వరండా ఎక్కి ఒకటే వరసలో కూర్చున్నారు.

రాజ్యం గరిటె పట్టుకుని హెడ్మాస్టరు గారి వైపు చూసింది. అచ్యుతరావు గారు నిద్రగన్నేరు పువ్వుల వైపు చూశారు. ఇంక రాజ్యం ఆ చివర నుంచి ఈ చివరకి వడ్డించుకుంటూ వచ్చింది. సువార్తమ్మ గదిలోకి వెళ్ళి, తలుపు చాటున నిలబడి, కొంగు కళ్ళకద్దుకుంది. సంతోషం పట్టలేకపోయింది. తన బతుక్కి ఈ ఒక్క మధ్యాహ్నం చాలనుకుంది.

ఊళ్ళో మాట దాగుతుందా. నాలుగు రోజులు తిరక్కుండా శ్రీవల్లి చేతిలో కంచం లేకుండా వచ్చింది. ఇంట్లో కంచాలు బడికి పంపేది లేదని నాయనమ్మ అన్నదట. "అయితే నేను తెత్తాలే" అంది గ్రేసు. మర్నాటి నుంచి గ్రేసు సంచిలో రెండు కంచాలు. ఒకటి సొట్టది, ఒకటి మంచిది. మంచిది శ్రీవల్లికి.

ఆ తర్వాత వెంకటనరసమ్మ గారే స్వయంగా వచ్చారు. కోపంగా వచ్చి ఉంటే సువార్తమ్మకి నాలుగు మాటలు అనడానికి వీలుండేది. ఆవిడ ఎంతో నెమ్మదిగా, గేటు దగ్గరే చెప్పులు విడిచి మరీ వచ్చారు.

"మీరు పాఠం చాలా బాగా చెప్తారంటండి టీచరు గారూ. మా శ్రీవల్లి ఇంట్లో ఒకటే మీ కబుర్లండి."

"తెలివైన పిల్లండి."

"ఆయ్. పిల్లలకేం తెలుస్తదండి, పెద్దవాళ్ళం మనమే కదండీ చూసుకోవాలి. మీకు తెలీనిదేముంది" అని, నవ్వుతూ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచేసరికి ఊళ్ళోకి పచ్చబస్సు వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఏదో ఇంగ్లీషు మీడియం కాన్వెంటు బస్సు. చెరువులు పోయాయి, నట్టేట మునిగిపోయామని ఏడాదిపాటు గుండెలు బాదుకున్నవాళ్ళకి కూడా ఆ బస్సెక్కించడానికి డబ్బు దొరికింది. ముందు పెద్దిళ్ళ పిల్లలు వెళ్ళారు, తర్వాత అందరూ వెళ్ళారు. బడి గేటు దగ్గర ఎవరూ నిలబడి కేకలెయ్యలేదు. ఎవర్నీ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "ఇంగ్లీషు లేకపోతే రేపు కష్టమండి" అన్నారు, అంతే. మా జిల్లా మర్యాదకి పెట్టింది పేరు. గొంతు కోసేటప్పుడు కూడా ఏమనుకోకండి అంటాం.

చివరికి బడిలో పేట పిల్లలే మిగిలారు. పేట బడి నడిచి వచ్చి ఊరి బడి భవనంలో కూర్చుంది, అంతే తేడా.

సువార్తమ్మకి ఇంట్లో అన్నం సహించలేదు. ఆవిడ భర్త ప్రభుదాసు రైల్వేలో చేసి రిటైరయినవాడు, తక్కువ మాట్లాడతాడు.

"నువ్వు చెప్పిన కథ మంచిదే" అన్నాడు. "కాని ఆ పిల్లకి ముందూ వెనకా పోలీసులున్నారు. గ్రేసుకి ఎవరున్నారు?"

"నేను లేనూ?"

"నువ్వు సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తావుగా" అన్నాడు ప్రభుదాసు.

గ్రేసుకి మాత్రం దిగులే లేదు. రోజూ రెండు కంచాలూ తెచ్చేది. వరండాలో తన పక్కన చోటు చేత్తో తుడిచి, మంచి కంచం అక్కడ బోర్లించి పెట్టేది. వేరే పిల్లలు కూర్చోబోతే ఒప్పుకునేది కాదు. "శ్రీవల్లిది" అనేది. తిన్నాక రెండూ బోరింగు దగ్గర కడుక్కుని సంచిలో పెట్టుకునేది. వాడని కంచం కూడా శుభ్రంగా తోమేది.

"ఎందుకమ్మా రెండోదీ మోసుకొస్తావు?" అంది సువార్తమ్మ ఒకరోజు ఉండబట్టలేక.

"తర్వాతేడు వచ్చేత్తారు కదండీ. మీరే చెప్పారు కదండీ."

అప్పుడైనా చెప్పాల్సింది. వాళ్ళు రంగు చూసి వెళ్ళలేదమ్మా, ఇంకోటి చూసి వెళ్ళారు, దాని పేరు ఇదీ అని. సువార్తమ్మ చెప్పలేదు. "వస్తారులే" అంది. పొద్దునా సాయంత్రం పచ్చబస్సు బడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు గ్రేసు గేటు దగ్గర నిలబడేది. శ్రీవల్లి కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఆ చెయ్యి చూసి సువార్తమ్మ కూడా, ఏమో, వస్తుందేమో అనుకునేది. ఆశ అంత తేలిగ్గా చావదు.

చలి మొదలైన రోజుల్లో కాన్వెంటుకి ఏదో సెలవొచ్చింది. ఇక్కడ బడి ఉంది. అన్నాల వేళకి శ్రీవల్లి పరుగెత్తుకుంటూ గేటు తోసుకుని వచ్చింది. కొత్త గౌను, పాత నోరు. "టీచరండీ, మా బళ్ళో తెలుగు మాట్లాడితే కొడతారండి" అని చెబుతూనే వరండా ఎక్కి గ్రేసు పక్కన చతికిలబడింది. గ్రేసు బోర్లించిన కంచం తిరగేసి శ్రీవల్లి ముందు పెట్టింది. అన్ని నెలలూ ఆ కంచం ఎందుకు తోమిందో అప్పుడు అందరికీ తెలిసింది.

రాజ్యం అన్నం, పప్పుచారు పోసింది. ఇద్దరూ ఒకళ్ళ కంచంలోంచి ఒకళ్ళు ముద్దలు తీసుకుని, మోకాళ్ళు ఆనించుకుని తిన్నారు. గ్రేసు సువార్తమ్మ వైపు తిరిగి, చెప్పానా అన్నట్టు చూసింది. సువార్తమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిని చేతులు కడుక్కోబోతుండగా వెంకటనరసమ్మ గారు వచ్చారు. ఇవాళా కోపం లేదు. చంకలో ఒక సంచి, చేతిలో ఒక చెంబు.

"ఏవండీ టీచరు గారూ, ఏమనుకోకండేం. ఈ బోరింగు కొంచెం వాడుకోవచ్చాండి?"

సువార్తమ్మకి అర్థం కాలేదు. "దానికేముందండి, వాడుకోండి" అంది.

వెంకటనరసమ్మ గారు మనవరాలి రెక్క పట్టుకుని బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి, పంపు కొట్టి, చెంబుతో నీళ్ళు పట్టి పిల్ల నెత్తిన పోశారు. గౌనుతోనే పోశారు. ఒక చెంబు కాదు, వరసగా పోస్తూనే ఉన్నారు. చలికి శ్రీవల్లి పళ్ళు టకటకలాడాయి. "నోరు పుక్కిలించమ్మా. ఇంకోసారి. ఊసెయ్" అన్నారు. సంచిలోంచి తువ్వాలు తీసి తుడిచి, పొడి గౌను తీసి తొడిగారు. అన్నీ ఇంటి దగ్గరే సర్దుకుని వచ్చారన్నమాట. తడిగౌను సంచిలో వెయ్యకుండా వేలి కొసలతో పట్టుకున్నారు.

"మా ఇంట్లో పూజగది ఉందండి. పిల్ల లోపలికి రావాలి కదండీ. మీరు మరోలా అనుకోకండి, మీరంటే నాకు చాలా గౌరవమండి" అన్నారు సువార్తమ్మతో. శ్రీవల్లి ఏడుస్తూ నాయనమ్మ వెంట వెళ్ళిపోయింది, వెనక్కి చూస్తూ చూస్తూ. వసపిట్ట నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

ఇంతమంది పిల్లల ఎదుట సువార్తమ్మ రాయిలా నిలబడిపోయింది. కోపం వచ్చింది. దానికంటే సిగ్గు ఎక్కువయింది. వాడుకోండి అన్నది తనే మరి. నా పిల్లల ఎదుట ఆ పని చెయ్యకండి అని ఒక్క మాట అని ఉండొచ్చు. ఏమండీ, ఏమనుకోకండీ అని మెత్తగా మాట్లాడేవాళ్ళకి అడ్డుపడడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. అచ్యుతరావు గారు ఎప్పుడో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గ్రేసు మాత్రం వరండాలోంచి రెప్ప వెయ్యకుండా అంతా చూసింది. తర్వాత రెండు కంచాలూ తీసుకెళ్ళి కడుక్కుంది.

మర్నాడు పొద్దున్న సువార్తమ్మ ఆటో దిగేసరికి బడి గేటు దగ్గర గ్రేసు నిలబడి ఉంది. ఒళ్ళంతా తడి. జడల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, గౌను ఒంటికి అతుక్కుపోయింది, పెదాలు నల్లబడ్డాయి. పెద్ద జ్వరం వచ్చిన పిల్లలా వణుకుతోంది. పక్కన గోడవార పుస్తకాల సంచి మాత్రం తడవకుండా పెట్టింది.

"ఏమైందమ్మా? ఎవరు పోశారు?" సువార్తమ్మ గొంతు పెద్దదయింది.

"నేనేనండి. పంపు కొట్టి కిందికొచ్చేలోపు నీళ్ళయిపోతన్నాయండి. అందుకని చాలాసార్లు కొట్టుకున్నాను." పళ్ళు కటకటలాడుతూ చెప్పింది. "నోరు కూడా పుక్కిలించానండి. ఇప్పుడు బస్సొత్తది కదండీ. శ్రీవల్లి చూత్తే, వాళ్ళ నాయనమ్మకి చెప్తదండి, గ్రేసు కూడా పోసుకుందని. ఇంకప్పుడు రానిత్తారు కదండీ?"

సువార్తమ్మ కొంగు తీసి పిల్లని చుట్టి, సంచితో సహా లోపలికి తీసుకొచ్చి, గుండెకి అదుముకుని వరండా మెట్ల మీద కూర్చుంది. కొంగుతో తల తుడుస్తూ, "నువ్వు పోసుకోనక్కర్లేదమ్మా. నీకేం అంటుకోలేదు" అంది. అనుకోకుండా ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

గ్రేసు తల ఎత్తి చూసింది.

"మరి శ్రీవల్లికి ఏం అంటుకుందండి? ఎందుకు కడిగారండి?"

పచ్చబస్సు హారన్ కొట్టుకుంటూ బడి ముందు నుంచి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

ఇంక తప్పించుకోవడానికి సువార్తమ్మ దగ్గర అమెరికా లేదు. ఆ మెట్ల మీదే కూర్చుని, తడిపిల్లని ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. తన ఆరేళ్ళప్పుడు నాన్న చెప్పిన మాట చెప్పింది. పేట ఊరవతల ఎందుకుందో, అరుగులు ఎందుకెక్కొద్దన్నారో, రాజ్యం ముందు ఎవరికి వడ్డించేదో, అన్నీ చెప్పింది. అది అబద్ధమమ్మా, వాళ్ళు పుట్టించిన అబద్ధం, నీలో ఏ తప్పూ లేదు అని ఎన్నిసార్లు చెప్పిందో. చెబుతూ ఏడ్చింది. అది అబద్ధమన్న సంగతి చెప్పాలంటే ముందు ఆ అబద్ధం చెప్పాలి కదా. అదే ఆవిడ గుండె కోసింది.

గ్రేసు ఏడవలేదు. అంతా విని, కొంగులోంచి రెండు చేతులూ బయటికి తీసి, ముందు అరచేతులు చూసుకుంది, తర్వాత తిప్పి వెనక వైపు చూసుకుంది. సువార్తమ్మ ఆ చేతులు రెండూ తన చేతుల్లో గట్టిగా పట్టుకుని మూసేసింది. అప్పటికే పిల్ల చూసుకోవడం అయిపోయింది.

గ్రేసు అడిగింది. "ఆ అమెరికా పిల్లకి ఎవరైనా చెప్పారాండి, ఎందుకో?"

"చెప్పే ఉంటారమ్మా. వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది."

"చెప్పినాక కూడా వెళ్ళిందాండి బడికి?"

"వెళ్ళిందమ్మా. రోజూ వెళ్ళింది."

గ్రేసు తల ఊపింది. ఒళ్ళోంచి లేచి, సంచి తీసుకుని, తడి అడుగులతో మెట్లెక్కి లోపలికి వెళ్ళి తన చోట్లో కూర్చుంది. ఏడవలేదు. కథలో పిల్ల ఎలా వెళ్ళిందని సువార్తమ్మ చెప్పిందో అలాగే వెళ్ళింది. పిల్లలకి ధైర్యం నేర్పాలని ఎంతో ముచ్చటపడిన సువార్తమ్మ, ఆ ధైర్యం కళ్ళారా చూసి, మెట్ల మీద నుంచి లేవలేకపోయింది.

మర్నాడు గ్రేసు బడికి వచ్చింది. గంట కొట్టకముందే వచ్చింది. అన్నం బెల్లు కొట్టాక వరండా ఎక్కి, ఎప్పటి చోటులోనే కూర్చుని, సంచి విప్పింది. అందులో సొట్ట కంచం ఒక్కటే ఉంది.